వాదించడం నేర్పిన వ్యాసకర్త: సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్

వ్యాసరచన అనగానే మన విద్యార్థులలో అధికసంఖ్యాకులకు పరీక్షాపత్రంలోని ఒక ప్రశ్న మాత్రమే స్ఫురిస్తుంది. ఎవరో రాసిన వ్యాసాన్ని కంఠస్థం చేసి, మూడు గంటలలో ఒక అరగంటను దానికి కేటాయించి, పుటలు నింపి బయటపడటమే వ్యాసరచన అన్న భావం స్థిరపడిపోయింది. ఉర్దూ విద్యార్థి 'మజ్మూన్' అన్నా, తెలుగు విద్యార్థి 'వ్యాసం' అన్నా, ఈ విషయంలో ఇరువురి అవస్థ ఒక్కటే. తనకు తెలిసిన విషయాన్ని తెలియనివారికి విశదపరచడం ఒక విద్య. తాను నమ్మిన విషయాన్ని నమ్మనివారిచేత ఆలోచింపజేయడం అంతకంటె కఠినమైన విద్య. మొదటిది వివరణాత్మక వ్యాసానికి ప్రాణం, రెండవది వాదాత్మక వ్యాసానికి ప్రాణం. ఈ రెండు విద్యలనూ జీవితాంతం సాధన చేసి, ఉర్దూ వచనానికి ఒక కొత్త మార్గాన్ని ఏర్పరచిన మహనీయుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. ఆయనను అలీగఢ్ విద్యాసంస్థ స్థాపకునిగా అందరూ ఎరుగుదురు. వ్యాసకర్తగా ఆయన జీవితాన్ని పరిశీలించడమే ఈ రచన ఉద్దేశం.

బాల్యం, తొలి అభ్యాసం

సయ్యద్ అహ్మద్ 1817 అక్టోబరు 17న ఢిల్లీ నగరంలో జన్మించారు. తండ్రి మీర్ ముత్తఖీ, తల్లి అజీజున్నిసా. మాతామహుడైన ఖ్వాజా ఫరీదుద్దీన్ అహ్మద్ గణిత ఖగోళ శాస్త్రాలలో దిట్ట, మొగలు చక్రవర్తి రెండవ అక్బర్ షా కొలువులో మంత్రిగా పనిచేసినవారు. ఆనాటికి మొగలు దర్బారులో వైభవం నామమాత్రంగానే మిగిలింది. అధికారం కంపెనీ చేతిలో ఉన్నది. పాతకాలపు మర్యాదలు, కొత్తకాలపు కచేరీలు ఒకే వీధిలో ఎదురెదురుగా నిలిచిన ఆ నగరంలో ఆయన బాల్యం గడచింది.

తల్లి శిక్షణ ఆయన స్వభావంపై చెరగని ముద్ర వేసింది. పదకొండు పన్నెండేళ్ల వయసులో ఒకనాడు ఆయన ఇంటి ముసలి నౌకరును చెంపమీద కొట్టారట. విషయం తెలిసిన తల్లి కుమారుని ఇంటినుండి వెళ్లగొట్టింది. బాలుడు పినతల్లి ఇంట తలదాచుకుని, మూడు రోజుల తరువాత ఆ నౌకరును క్షమాపణ వేడుకొన్న మీదటనే తిరిగి ఇంట అడుగుపెట్టగలిగాడు. తనకంటె తక్కువ స్థితిలో ఉన్నవాని ముందు తన తప్పు ఒప్పుకోవడం ఆ వయసులోనే ఆయనకు అలవడింది. ఉత్తరోత్తరా ఆయన వ్యాసాలలో కనిపించే ఆత్మవిమర్శకు బీజం ఇక్కడ పడిందనుకోవడం అసమంజసం కాదు.

1838లో తండ్రి మరణించారు. కుటుంబానికి దర్బారు నుండి వచ్చే రాబడి దాదాపు నిలిచిపోయింది. బంధువులకు ఇష్టం లేకపోయినా సయ్యద్ అహ్మద్ కంపెనీ న్యాయశాఖలో చిన్న ఉద్యోగంలో చేరి, 1841 నాటికి మున్సిఫ్ అయ్యారు. మున్సిఫ్ పరీక్ష నిమిత్తం సివిల్ చట్టాలను సంగ్రహించి, అందరికీ అర్థమయ్యేట్లు ఒక చిన్న పుస్తకంగా కూర్చారు. అది ఆయనతోపాటు ఇతర అభ్యర్థులకు కూడా ఉపకరించింది. ఆయన అన్నగారు సయ్యద్ మహమ్మద్ ఖాన్ ఢిల్లీలో 'సయ్యదుల్ అఖ్బార్' అనే ఉర్దూ పత్రికను నడిపేవారు. సోదరుని పత్రికకు రాయడంలో సయ్యద్ అహ్మద్ కలం నడక నేర్చింది. ఒకవంక న్యాయస్థానం, మరొకవంక పత్రికాలయం. ఇరుపక్షాల వాదం విని, సాక్ష్యం తూచి, కారణం చూపి తీర్పు రాయడం మొదటిదానిలో నేర్చుకున్నారు. సామాన్య పాఠకునికి తెలిసేట్లు రాయడం రెండవదానిలో నేర్చుకున్నారు. వ్యాసకర్తకు ఇంతకంటె మంచి పాఠశాల ఏముంటుంది?

గంపలో కూర్చున్న పరిశోధకుడు

1846లో ఢిల్లీకి బదిలీ అయిన తరువాత ఆయన ఆ నగరంలోని ప్రాచీన కట్టడాలను గురించి ఒక గ్రంథం రాయ సంకల్పించారు. చుట్టుపక్కల ఉన్న కోటలు, మసీదులు, సమాధులు, బావులు స్వయంగా చూశారు, కొలతలు తీసుకున్నారు, శాసనాలకు నకళ్లు రాసుకున్నారు. కుతుబ్ మీనార్‌పై ఎత్తున ఉన్న శాసనాలు కింద నుండి చదవడానికి వీలుకాలేదు. అప్పుడాయన రెండు గుంజల నడుమ తాళ్లతో ఒక గంప కట్టించి, అందులో కూర్చుని ఆ అక్షరాలను ఎత్తి రాసుకున్నారు. ఆయన మిత్రుడు, ప్రసిద్ధ పారసీక పండితుడు మౌలానా ఇమాంబఖ్ష్ సహ్బాయీ కింద నిలబడి, గంప ఊగినప్పుడల్లా వెలవెలబోతుండేవారట.

ఈ పరిశ్రమ ఫలితమే 1847లో వెలువడిన 'ఆసారుస్ సనాదీద్'. ప్రతి మాటకు ఒక విశేషణం, ప్రతి విశేషణానికి ఒక అంత్యప్రాస కలిగిన పారసీక ఛాయ గల అలంకార శైలిలో ఆ గ్రంథం మొదట వెలువడింది. ఆనాటి విద్వాంసులు మెచ్చే శైలి అదే. అయితే రచయితకు తృప్తి కలగలేదు. ఏడేళ్ల తరువాత, 1854లో, ఆయన దానిని దాదాపు కొత్త పుస్తకంగా తిరిగి రాశారు. అధ్యాయాల క్రమం మార్చారు. ఢిల్లీ ప్రముఖులను గురించిన ప్రకరణాన్ని తొలగించారు. అలంకారాలను విడిచి, ఏ కట్టడం ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిర్మించారో సూటిగా చెప్పే భాషను స్వీకరించారు. ప్రసిద్ధ ఫ్రెంచి పండితుడు గార్సాన్ ద తాసీ ఈ గ్రంథాన్ని తన భాషలోకి అనువదించారు. 1864లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ సయ్యద్ అహ్మద్‌ను గౌరవ సభ్యునిగా ఎన్నుకొన్నది.

ఇక్కడ గమనించదగిన విషయమొకటి ఉన్నది. రెండు కూర్పులకూ సమాచారం ఆయన సొంతంగా సేకరించినదే. కాని మొదటి కూర్పులో పాఠకుని దృష్టి కట్టడం మీద కంటె రచయిత పాండిత్యం మీద పడుతుంది. రెండవ కూర్పులో రచయిత పక్కకు తప్పుకున్నాడు, కట్టడం కళ్లకు కట్టింది. వివరణాత్మక వ్యాసానికి కావలసిన గుణం ఇదే. అచ్చయి, మెప్పు పొందిన పుస్తకాన్ని సైతం తిరగరాయడానికి ఆయన వెనుదీయలేదు. మొదటి ప్రతిని తిరిగి చదవకుండానే సమర్పించే విద్యార్థులు ఈ సంగతిని మననం చేసుకోవాలి.

ప్రాణానికి తెగించి రాసిన పుస్తకం

1857 మే నెలలో తిరుగుబాటు ప్రారంభమైనప్పుడు ఆయన బిజ్నోర్‌లో సద్ర్ అమీన్‌గా ఉన్నారు. అక్కడి ఆంగ్లేయ కుటుంబాలను తన ప్రాణాలొడ్డి కాపాడారు. కాని ఢిల్లీలో ఆయన కుటుంబానికి జరిగిన నష్టం అంతింత కాదు. బంధువులు హతులైనారు. నాడు మీనార్ కింద నిలబడి ఆయన కోసం వెలవెలబోయిన సహ్బాయీ, ఆంగ్ల సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకొన్న రోజులలో తూటాలకు బలైనారు. తల్లి కొన్ని దినాలు అన్నపానీయాలు సరిగా లేక, గుర్రపు దాణా తిని ప్రాణం నిలుపుకొన్నది. కుమారుడు వెదకి పట్టుకొని మీరట్‌కు చేర్చినా, కొద్దికాలానికే ఆమె కన్నుమూసింది. ఆయన సేవకు ప్రతిఫలంగా, జప్తుచేసిన ఒక పెద్ద జమీనును ఇవ్వజూపగా తిరస్కరించారు. తనవారి నాశనంపై తాను సంపన్నుడు కావడం ఆయన మనస్సు అంగీకరించలేదు. ఒక దశలో దేశం విడిచి ఈజిప్టుకు పోదామని కూడా తలపోశారు. చివరకు ఇక్కడనే నిలిచి కలం పట్టాలని నిశ్చయించుకున్నారు.

ఆనాటి పరిస్థితి ఎంత భయంకరమైనదో ఊహించుకోవాలి. మాట్లాడినవాడు ద్రోహి. అనుమానమే నేరం. పాలకులు తిరుగుబాటుకు కారణం ప్రజల కృతఘ్నత అనీ, ఒక మతస్థుల కుట్ర అనీ తేల్చివేశారు. అట్టి సమయంలో, 1858లో, మొరాదాబాద్‌లో ఉద్యోగిగా ఉంటూ ఆయన 'అస్బాబె బగావతె హింద్' అనే చిన్న పుస్తకాన్ని ఉర్దూలో రచించారు. భారతదేశపు తిరుగుబాటుకు కారణాలు అని దాని అర్థం. 1859లో ఆగ్రాలో అది అచ్చయింది.

వాదాత్మక వ్యాసం ఎట్లుండాలో తెలుసుకోగోరేవారికి ఆ పుస్తకపు నిర్మాణమే ఒక పాఠం. మొట్టమొదట ఆయన తిరుగుబాటు అంటే ఏమిటో నిర్వచించారు. ఏయే పనులు ఆ మాట కిందకు వస్తాయో ఉదాహరణలతో చెప్పారు. తరువాత అప్పటికి ప్రచారంలో ఉన్న కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఊరూరా పంచిన చపాతీలు, పరదేశ రాజుల ప్రేరణ, అవధ్ రాజ్య విలీనం, ముందే పన్నిన కుట్ర. ఇవి మూలకారణాలు ఎందుకు కాజాలవో తర్కించారు. ఆ నేల శుభ్రం చేసిన తరువాతనే తన వాదాన్ని నాటారు. శాసనాలు చేసే సభలో ఈ దేశీయుడు ఒక్కడైనా లేకపోవడమే అన్నింటికీ మూలమని ఆయన సిద్ధాంతం. ప్రజల మనస్సులో ఏమున్నదో పాలకులకు తెలిసే దారి లేదు. పాలకుల ఉద్దేశం ఏమిటో ప్రజలకు తెలిసే దారి లేదు. ఈ మూలం నుండి అయిదు శాఖలు పుట్టాయని చూపారు. ప్రభుత్వ ఉద్దేశాలను ప్రజలు అపార్థం చేసుకోవడం మొదటిది. దేశాచారానికి సరిపడని చట్టాలు రెండవది. ప్రజల స్థితిగతులు ప్రభుత్వానికి తెలియకపోవడం మూడవది. సుపరిపాలనకు అవసరమైన స్నేహాన్నీ మర్యాదనూ విస్మరించడం నాల్గవది. సైన్య నిర్వహణలోని లోపాలు అయిదవది.

ప్రతి శాఖకూ ఆధారాలున్నాయి. పన్నులేని మాన్యాలను తిరిగి స్వాధీనం చేసుకోవడం, బాకీలకై భూములను వేలం వేయడం, కోర్టు కాగితాలపై స్టాంపు రుసుము, 1855లో కలకత్తా నుండి ఒక మతప్రచారకుడు ఉద్యోగులకు పంపిన లేఖ వలన కలిగిన కలవరం వంటివి పాలకులు స్వయంగా సరిచూసుకోగల విషయాలు. కారణాన్ని చెప్పి ఊరుకోక, ఆ కారణం నుండి ఫలితం ఎట్లు పుట్టిందో మెట్టు మెట్టుగా చూపడం ఆయన పద్ధతి. భావావేశానికి ఆయనకు కావలసినంత హేతువున్నది. తల్లిని పోగొట్టుకొని అప్పటికి ఎంతో కాలం కాలేదు. అయినా పుస్తకంలో తన సొంత దుఃఖాన్ని ప్రమాణంగా నిలుపలేదు.

అచ్చయిన అయిదు వందల ప్రతులు ఇంటికి చేరినప్పుడు ఆప్తమిత్రుడు రాయ్ శంకర్ దాస్ భయకంపితుడైనారు. వాటిని తగులబెట్టి ప్రాణం దక్కించుకొమ్మని బతిమాలారు. సయ్యద్ అహ్మద్ ఆ స్నేహాన్ని గౌరవించారు గాని మాట వినలేదు. అయితే మిత్రుని భయాన్ని పూర్తిగా పెడచెవిన పెట్టలేదు కూడా. ఆ పుస్తకాన్ని బజారులో అమ్మలేదు. ఒక ప్రతిని భారత ప్రభుత్వానికి పంపి, కొద్ది ప్రతులు తనవద్ద ఉంచుకొని, మిగిలినవన్నీ ఇంగ్లండుకు పంపివేశారు. తన వాదం ఎవరి మనస్సు మార్చాలో వారికే దానిని అందజేశారు. గవర్నరు జనరల్ సభలో సెసిల్ బీడన్ అనే ఉన్నతోద్యోగి ఈ రచయితను శిక్షించాలని వాదించారు. లార్డ్ కానింగ్, బార్టిల్ ఫ్రేర్ మాత్రం దీనిని హితవచనంగానే భావించారు. 1861 నాటి కౌన్సిళ్ల చట్టం తరువాత భారతీయులు శాసనసభలో నామినేట్ అయ్యారు. ఆ మార్పుకు ఈ పుస్తకమొక్కటే కారణమనడం అతిశయోక్తి. కాని ఆ మాటను అందరికంటె ముందు, అందరికంటె స్పష్టంగా, అత్యంత ప్రమాదకరమైన సమయంలో చెప్పినవారిలో ఆయన ఒకరు. 1873లో దీని ఆంగ్లానువాదం వెలువడింది.

లండన్ గ్రంథాలయంలో

1864లో గాజీపూర్‌లో ఆయన సైంటిఫిక్ సొసైటీని స్థాపించారు. ఆంగ్లంలోని చరిత్ర, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదించడం దాని పని. రాజా జయకిషన్ దాస్ వంటి మిత్రులు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఆ సంస్థ అలీగఢ్‌కు తరలింది. 1866లో దాని పక్షాన ఉర్దూ, ఆంగ్ల భాషలలో ఒక గెజెట్ వెలువడసాగింది.

1869 ఏప్రిల్‌లో ఆయన ఇద్దరు కుమారులతో ఇంగ్లండుకు బయలుదేరారు. అందుకు ఒక కారణం సర్ విలియం మ్యూర్ రచించిన ప్రవక్త జీవితచరిత్ర. ఆ గ్రంథంలోని ఆక్షేపణలు ఆయనను కలచివేశాయి. ఆ గ్రంథకర్త మరెవరో కాదు, సయ్యద్ అహ్మద్ ఉద్యోగం చేస్తున్న రాష్ట్రానికే లెఫ్టినెంట్ గవర్నరు. కోపంతో ఒక కరపత్రం రాసి ఉంటే ఒక్క రాత్రిలో పని ముగిసేది. అట్లు చేయక ఆయన లండన్‌లోని ఇండియా ఆఫీసు గ్రంథాలయంలోను, బ్రిటిష్ మ్యూజియంలోను నెలల తరబడి కూర్చున్నారు. ప్రత్యర్థి ఏ మూలగ్రంథాలపై ఆధారపడ్డాడో ఆ గ్రంథాలనే తిరగవేశారు. ముద్రణ వ్యయం కోసం అప్పు చేశారు. స్వదేశంలోని తన పుస్తకాలు, ఇంటి సామాను అమ్మి డబ్బు పంపమని మిత్రునికి జాబులు రాశారు. 1870లో ఆ వ్యాసాలు ఆంగ్లంలో వెలువడ్డాయి. ఎదుటివాని ఆధారాలను పరిశీలించకుండా ఎదుటివానిని ఖండించరాదన్నది ఆ గ్రంథం మనకు నేర్పే పాఠం.

తహజీబుల్ అఖ్లాఖ్

లండన్‌లో ఆయన దృష్టిని ఆకర్షించిన మరొక విషయం అడిసన్, స్టీల్ అనే ఇద్దరు రచయితలు పద్దెనిమిదవ శతాబ్ది ప్రారంభంలో నడిపిన 'టాట్లర్', 'స్పెక్టేటర్' పత్రికల ప్రభావం. చిన్న చిన్న వ్యాసాలు ఒక సమాజపు అలవాట్లను మార్చగలవని ఆయన గ్రహించారు. స్వదేశానికి తిరిగి వచ్చిన కొద్ది వారాలకే, 1870 డిసెంబరు 24న, 'తహజీబుల్ అఖ్లాఖ్' పత్రికను ప్రారంభించారు. మొదటి విడతగా 1876 వరకు సాగిన ఆ పత్రికలోని వ్యాసాలలో దాదాపు సగం ఆయన రాసినవే. ఆ తరువాత మరి రెండు పర్యాయాలు అది పునరుద్ధరింపబడింది.

ఆయన ఎన్నుకొన్న విషయాలు సామాన్యమైనవి: సోమరితనం, ముఖస్తుతి, దురభిమానం, ఆచారాలు, స్వయంసహాయం, గతించిన కాలం. సోమరితనాన్ని గురించిన వ్యాసాన్ని ఉదాహరణగా తీసుకొందాం. కాలుచేతులు కదపకపోవడమే సోమరితనమని లోకుల భావన. ఆయన ఆ నిర్వచనాన్నే ప్రశ్నించారు. పొట్టకూటికై శ్రమించేవాడు విధిలేక పనిచేస్తాడు. కాని మనస్సు, బుద్ధి అనే శక్తులను వాడక పడవేసినవాడే అసలైన సోమరి అని స్థాపించారు. అందరికీ తెలుసుననుకొన్న ఒక మాటకు సరియైన అర్థం వెదకడంతో ఒక గొప్ప వ్యాసం పుట్టింది. విషయం కోసం ఆకాశం వంక చూడనక్కరలేదని దీనివలన బోధపడుతుంది.

వాదవివాదాలను గురించి ఆయన రాసిన వ్యాసం మరింత ప్రసిద్ధమైనది. రెండు కుక్కలు ఎదురుపడినప్పుడు మొదట గుర్రుమనడం, తరువాత పళ్లు చూపడం, ఆపైన కలియబడటం వర్ణించి, సంస్కారం లేని మనుషుల సభలలో చర్చ కూడా అదే క్రమంలో సాగుతుందని చూపారు. పాఠకుడు నవ్వుతూ నవ్వుతూ తన ముఖాన్ని ఆ అద్దంలో చూసుకొని సిగ్గుపడతాడు. అయితే చర్చనే మానుకొమ్మని ఆయన చెప్పలేదు. అభిప్రాయాన్ని పరీక్షించే ఒరగల్లు చర్చయే. కావలసినది మృదువైన మాట, ఎదుటివాని పట్ల గౌరవం, మాట ముదురుతున్నదని తోచినప్పుడు ఆపగల నిగ్రహం.

భాష విషయంలో ఆయన చేసిన సేవ అపారం. మనస్సులో ఉన్నది సూటిగా పాఠకుని మనస్సుకు చేరాలన్నదే ఆయన నియమం. విరామచిహ్నాల అవసరాన్ని గురించి కూడా ఉర్దూ రచయితలకు వ్యాసముఖంగా తెలిపారు. ఆయన చుట్టూ చేరిన హాలీ, షిబ్లీ, నజీర్ అహ్మద్, మొహ్సినుల్ ముల్క్ మొదలైనవారి చేతులలో ఆధునిక ఉర్దూ వచనం రూపుదిద్దుకొన్నది.

ఆ పత్రికకు శత్రువులు కూడా తక్కువేమీ కాదు. ఆయనను మతభ్రష్టుడన్నారు, ఫత్వాలు తెచ్చారు, ఎదురు పత్రికలు పెట్టారు, హాస్యపత్రికలలో పరిహసించారు. ఆయన వాదాలకు వాదాలతో బదులిచ్చారు గాని, కలం మానలేదు.

తెలుగునాట ఇదే కాలంలో ఇటువంటి ప్రయత్నమే జరగడం విశేషం. ముద్దు నరసింహం నాయుడు 'ప్రమేయాలు' అన్న పేరుతో రాసిన వ్యాసాలు 'హితసూచని'గా 1862లో వెలువడ్డాయి. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, దురాచారాలపై వ్యాసాలను అస్త్రాలుగా ప్రయోగించారు. తరువాత పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలకు ఒరవడిగా నిలిచింది అదే 'స్పెక్టేటర్' పత్రిక. ఒకే నూతినీటిని రెండు తోటలకు పెట్టినట్లు, అదే పత్రిక స్ఫూర్తి ఉర్దూకు, తెలుగుకు కూడా అందింది. మన కళాశాలలో ఈ రెండు భాషలూ పక్కపక్క గదులలో బోధింపబడుతున్నాయి. ఒక గదిలో సయ్యద్‌ను, మరొక గదిలో పానుగంటిని చదివే విద్యార్థులు ఈ చుట్టరికాన్ని గుర్తించాలి.

కళాశాల, హైదరాబాదు బంధం

1875 మే 24న అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభమైంది. 1877 జనవరి 8న లార్డ్ లిట్టన్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. నిధుల కోసం ఆయన చేయని పని లేదు. పుస్తకాలు అమ్మారు, వృద్ధాప్యంలో ప్రదర్శనశాలలో వేదికనెక్కి గజళ్లు చదివి చందాలు పోగుచేశారు. కళాశాల ద్వారాలు అన్ని మతాలవారికీ తెరిచే ఉండేవి. దాని తొలి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ విద్యార్థి. 1884లో అక్కడ సిడన్స్ యూనియన్ క్లబ్ వెలసింది. విద్యార్థులు ఒక ప్రతిపాదనను ఇరుపక్షాలుగా నిలబడి చర్చించడం అక్కడ అలవరచుకొన్నారు. వాదవివాదాలపై ఆయన రాసిన వ్యాసం ఆ సభాభవనంలో ఆచరణరూపం దాల్చింది.

హైదరాబాదు సంస్థానంతో ఆయనకు గల అనుబంధం మనకు ప్రత్యేకంగా స్మరణీయం. మొదటి సాలార్ జంగ్ కళాశాలకు చేయూతనిచ్చారు. ఆయన సహచరులు మొహ్సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్, నజీర్ అహ్మద్ ఇక్కడ ఉన్నతోద్యోగాలు నిర్వహించారు. 1891లో ఆయన స్వయంగా హైదరాబాదుకు విచ్చేసినప్పుడు నిజాం ప్రభుత్వం కళాశాలకిచ్చే సహాయాన్ని పెంచింది. ఆధునిక శాస్త్రాలను దేశభాషలో చెప్పాలన్న సైంటిఫిక్ సొసైటీ ఆశయం 1918లో ఉర్దూ మాధ్యమంగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మరింత విశాలరూపం పొందింది.

అంగీకరించలేని వాదాలు

మహనీయుల జీవితాన్ని రాసేటప్పుడు వారి వాదాలన్నింటినీ శిరసావహించడం భక్తి కావచ్చు గాని, విమర్శ కాదు. శాసనసభలో భారతీయులుండాలని 1858లో ప్రాణానికి తెగించి వాదించిన ఆయనే, 1887 డిసెంబరులో లక్నోలోను, 1888లో మీరట్‌లోను కాంగ్రెసు మహాసభ కోరికలను తీవ్రంగా ఎదిరించారు. విద్యలో వెనుకబడిన అల్పసంఖ్యాకులు ఎన్నికలలోను, పోటీపరీక్షలలోను నష్టపోతారన్నది ఆయన ప్రధాన హేతువు. 1887 మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ అందుకు భిన్నమైన వాదాన్ని వినిపించారు. అందరితో కలిసి కోరి, లోపల నుండి సరిదిద్దుకోవడమే అల్పసంఖ్యాకులకు క్షేమమని ఆయన మతం. ఇరువురి మధ్య లేఖలు నడిచాయి. స్త్రీవిద్య విషయంలో కూడా సర్ సయ్యద్ ముందు పురుషులు విద్యావంతులు కావాలని, బాలికల పాఠశాలలకు ఇంకా సమయం రాలేదని భావించారు. ఆయన అభిమానులే ఈ వాదాన్ని ఆచరణతో ఖండించారు. 1898లో ముంతాజ్ అలీ దంపతులు లాహోరులో స్త్రీలకై 'తహజీబె నిస్వాన్' పత్రికను స్థాపించారు. 1906లో షేక్ అబ్దుల్లా అలీగఢ్‌లోనే బాలికల పాఠశాలను తెరిచారు.

ఇందులో ఆయనకు వచ్చిన లోటు లేదు. కారణాలు స్పష్టంగా చెప్పిన వాదాన్నే ఎవరైనా స్పష్టంగా ఖండించగలరు. ఏ పక్షమూ చెప్పని వ్యాసాన్ని ఎవరూ ఖండించరు, ఎవరూ జ్ఞాపకం పెట్టుకోరు. సయ్యద్, త్యాబ్జీల వాదాలను చెరొక పుటలో రాసి, మూడవ పుటలో తన నిర్ణయాన్ని కారణసహితంగా రాయగలిగిన విద్యార్థి వ్యాసవిద్యలో సగం గడించినట్లే.

చివరి దినాలు

1888లో ఆయనకు సర్ బిరుదు లభించింది. మరుసటి సంవత్సరం ఎడింబరో విశ్వవిద్యాలయం డాక్టరేటుతో సత్కరించింది. 1898 మార్చి 27న అలీగఢ్‌లో ఆయన పరమపదించారు. లక్షల చందాలు పోగుచేసిన ఆ చేతులలో అంత్యక్రియలకు సరిపడే సొమ్ము కూడా లేకపోయింది. మొహ్సినుల్ ముల్క్ ఆ ఖర్చు భరించారు. కళాశాల మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది. 1901లో హాలీ 'హయాతె జావేద్' అన్న పేరుతో ఆయన జీవితచరిత్రను ప్రకటించారు. ఆ కళాశాల 1920లో విశ్వవిద్యాలయమైంది.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితం నుండి వ్యాసరచనకు కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నాయి. కుతుబ్ మీనార్ గంపను జ్ఞాపకముంచుకొని, విషయాన్ని స్వయంగా చూసి సేకరించండి. ఆసారుస్ సనాదీద్ రెండవ కూర్పును తలచుకొని, రాసినదానిని తిరిగి రాయండి, అక్కరలేని అలంకారాన్ని కొట్టివేయండి. తిరుగుబాటు కారణాల గ్రంథాన్ని తలచుకొని, మొదట మాటను నిర్వచించి, ఎదుటి వాదాన్ని న్యాయంగా పరీక్షించి, మీ ముఖ్యవిషయాన్ని ఒక్క వాక్యంలో నిలిపి, దానికి ఆధారాలు క్రమంగా చూపండి. లండన్ గ్రంథాలయాన్ని తలచుకొని, కోపం వచ్చినప్పుడు ముందుగా పుస్తకం తెరవండి.

ఇంకొక మాట. వ్యాసం పూర్తయిన తరువాత దానిని మిమ్మల్ని మెచ్చుకొనేవారికి కాక, మీతో ఏకీభవించని ఒక మిత్రునికి చూపించండి. ప్రతి రచయితకూ ఒక శంకర్ దాస్ అవసరం. తగులబెట్టమని అతడు చెప్పవచ్చు. తగులబెట్టనక్కరలేదు. కాని అతడెందుకు భయపడ్డాడో ఆలోచించి, ఆ తరువాతనే మీ పేరు కింద సంతకం చేయండి.